ఉప్పునీళ్ళలో ఒంటి పట్టీ

బందరు మొత్తంలో కరెంటు పోవాలని కోరుకునేది మేమిద్దరమే. ఫ్యాను ఆగిపోతే ఊరంతా ఉసూరుమనేది. మేం మాత్రం చప్పట్లు కొట్టి పనికి కూర్చునేవాళ్ళం.

మా పని అలాంటిది మరి. కణం అనేది కంటికి కనపడనంత చిన్నది కదా, అది తనలోంచి ఒక్కోసారి చిటికెడు రసాయనం బయటికి చిమ్ముతుంది. ఆ చిటికెడుని పట్టుకుని కొలిచే సెన్సరు చేస్తున్నాం. వెంట్రుకలో పదో వంతు మందం ఉండే కార్బన్ పోగుని గాజు గొట్టంలోకి దూర్చి, మంట మీద సాగదీసి, కొస మాత్రం బయట ఉంచుతాం. కణం చిమ్మింది ఆ కొసకి తగిలితే పిసరంత కరెంటు పుడుతుంది. ఎంత పిసరంటే, గోడల్లో పోయే వైర్ల రొదే దాన్ని మింగేస్తుంది. అందుకే ఊరి కరెంటు పోయాక, లారీ బ్యాటరీ మీద మా యంత్రాలు పెట్టుకుని కొలిచేవాళ్ళం. కరెంటు పుట్టినప్పుడల్లా పాత రికార్డరులో పెన్ను ఎగిరి, జరిగిపోయే కాగితం మీద ఒక శిఖరం గీసేది.

నేను లిఖితని. గుడివాడ నుంచి రోజూ పాసింజరెక్కి, పెడన దాటేలోపు కంపార్ట్‌మెంటులో కనీసం ఒకరినైనా ఏడిపించి, బందరులో దిగే ఎమ్మెస్సీ పిల్లని. ప్రాజెక్టు కోసం నన్ను నాగమల్లేశ్వరి అనే రీసెర్చి స్కాలరుకి అప్పగించారు. నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో చేపలు పట్టే కుటుంబం ఆమెది. గంభీరమైన మనిషి, కానీ మహా పిరికిది. వెనక నుంచి వెళ్ళి "భౌ" అంటే చాలు, బెత్తెడు ఎగిరిపడి, గుండె మీద చెయ్యేసుకుని "నీ మొహం మండ! గాజు గొట్టం విరిగితే నీ కాళ్ళు విరగ్గొడతా" అనేది. రోజుకి ఒక్కసారైనా ఆ తిట్టు తినకపోతే నాకు అన్నం అరిగేది కాదు.

కణాల కోసం నేను కోనేరు సెంటరు దగ్గర మాంసం కొట్టుకి వెళ్ళేదాన్ని. మేక కిడ్నీ నెత్తిన చిక్కుడు గింజంత గ్రంథి ఉంటుంది. "అందరూ కిడ్నీలు అడుగుతారు, నువ్వేంటమ్మాయ్, దాని టోపీ అడుగుతావు?" అని కొట్టు ఏడుకొండలు గారు నవ్వేవారు. "టోపీ లేని మేకలు ఎక్కువ భయపడవు బాబాయ్" అనేదాన్ని. అది సగం నిజమే. భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ ఊరేది ఆ గ్రంథిలోనే. దాని కణాలకి మేం పెట్టుకున్న ముద్దుపేరు 'భయం కణాలు'.

రెండువేల మూడు డిసెంబరు. సముద్రంలో వాయుగుండం పడింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు, కాలేజీకి సెలవిచ్చారు. మల్లేశ్వరక్కకి మాత్రం సెలవు లేదు. మర్నాడు ఆమె ఫెలోషిప్పు పొడిగించాలా వద్దా అని చూడ్డానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఆయన ముందు రెండు గీతలు పెట్టాలి. కణాలు లేని ఉత్త ఉప్పునీళ్ళలో పెన్ను తిన్నగా గీయాలి. కణాలు వేశాక శిఖరాలు రావాలి. మొదటి గీత తిన్నగా రాకపోతే రెండో గీతకి విలువ లేదు. నాలుగేళ్ళ కష్టం చేపల బుట్టలో పడ్డట్టే.

"విజయవాడ దాకా వచ్చేశాడంట. రోడ్డు తెగితే రైల్లో అయినా వస్తాడంట" అంది అక్క.

"మనిషేనా అక్కా? నాకెందుకో వాయుగుండమే సూటుకోటు వేసుకుని వస్తోందనిపిస్తోంది."

ఆమె నవ్వలేదు. గదిలో ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. ఎడమ చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. అడుగు వేస్తే టక్కుమంటుంది, వెంటనే సర్రుమని ఈడుస్తుంది. "నీ నడక అచ్చం మన కణం గీతే. లేస్తే నిటారు, దిగితే ఈడుపు" అని ఎప్పుడూ ఏడిపించేదాన్ని. కణం శిఖరం కూడా అంతే, చివాల్న లేచి, తోక ఈడ్చుకుంటూ దిగుతుంది.

అసలు చిక్కు వెండి తీగతో వచ్చింది. చెరువు లోతు చెప్పాలంటే గట్టు ఎక్కడో తెలియాలి. మా కొలతకి గట్టు ఉప్పునీళ్ళలో ముంచే వెండి తీగ. అన్నీ దాన్నుంచే లెక్క. తెప్పించిన తీగ తుఫాను మూలంగా దారిలోనే ఆగిపోయింది. గుడివాడ బజార్లో కొన్న నా పట్టీ ముక్క వేసి చూస్తే, అందులో రాగి పాలు ఎంతుందో గానీ, పెన్ను కల్లు తాగినట్టు ఊగింది.

అప్పుడు మల్లేశ్వరక్క బ్యాగులోంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో నల్లబడిన పాత వెండి పట్టీ. చిన్న పిల్లల కాలిది. ఒక్కటే. చివర ఒక ముక్క అప్పటికే కత్తిరించి, తీగలా సాగదీసి ఉంది.

"జత ఏదక్కా?"

"సముద్రంలో."

తీగని ఉప్పునీళ్ళ గిన్నెలో దించుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఆమె పుట్టకముందు ఇంట్లో ఒక పిల్ల ఉండేది, ఆమెకి అక్క. పెద్దింట్లమ్మ పేరు పెట్టుకున్నారు. కొక్కెం ఊడిందని ఒక పట్టీ ఇంట్లో ఉంచేస్తే, రెండోది పెట్టుకునే తిరిగేది. ఒక కాలే మోగుతుంటే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఆ వారమే డెబ్బై ఏడు ఉప్పెన వచ్చింది. పిల్ల దొరకలేదు. అప్పట్నుంచీ తుఫాను కబురు రాగానే ముత్యాలమ్మ మామ్మ ఆ ఒంటి పట్టీని గుమ్మం పక్క గుంజకి కడుతుంది. గాలికి అది మోగితే పిల్లకి ఇల్లు తెలుస్తుందని.

"దాన్ని నువ్వు పట్టుకొచ్చేశావా!"

"డిసెంబర్లో తుఫాను వస్తుందని ఎవరనుకున్నారే? వెండి మాత్రం ఆ రోజుల్నాటి మేలిమి. ఒక్క ముక్క చాలు, మిగతాది ఎల్లుండికల్లా ఇచ్చేస్తా." కాస్త ఆగి, "మామ్మకి ఇంకో పట్టింపు ఉంది. దానికి ఉప్పునీళ్ళు తగలకూడదంట. జత సముద్రంలో ఉంది కదా, ఇది కూడా ఉప్పులో పడితే దారి కలుస్తుందంట. వెండికి ఉప్పు తగిలితే నల్లబడుతుంది, అంతే. పెద్దవాళ్ళు దానికో కథ అల్లారు."

నాకు వెంటనే ఏదో ఒక వెటకారం ఆడాలనిపించింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడే కరెంటు పోయింది.

మధ్యాహ్నమే అయినా మబ్బుకి గదంతా మసక కమ్మింది. కిటికీ రెక్కలు బిగించినా గాలి ఎక్కడి నుంచో దూరి కాగితాలని గోకుతోంది. దూరంగా తాటాకులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు. లాంతరు వెలిగించి, బ్యాటరీ తగిలించాను. యంత్రానికి పాత రేడియో స్పీకరొకటి నేనే అతికించాను, శిఖరం వచ్చినప్పుడల్లా 'టుప్' అనేలా. పక్క గదిలోవాళ్ళని జడిపించడానికి పెట్టిన ఏర్పాటది.

గిన్నెలో కణాల్లేవు. ఉత్త ఉప్పునీళ్ళు, కార్బన్ కొస, వెండి ముక్క. పెన్ను కదిలింది. గీత తిన్నగా వస్తోంది. నూలు పోగు లాగినట్టు. మల్లేశ్వరక్క ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది.

టుప్.

పెన్ను ఎగిరింది.

"లిఖితా... చేతులు పైకి!"

బల్ల అంచు మీద వేలితో కొట్టి పెన్ను ఎగిరేలా చెయ్యడం నాకు అలవాటే. అందుకే ఆమెకి ఆ మాటా అలవాటే. రెండు చేతులూ పైకెత్తాను.

"ఒట్టు అక్కా, నేను కాదు."

టుప్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... టుప్.

"మోకాలితో కొడుతున్నావా?"

నేను కుర్చీలోంచి లేచి గోడ దాకా వెనక్కి నడిచాను. చేతులు పైకెత్తే ఉన్నాయి. పోలీసుల ముందు దొంగలా నిలబడ్డానని నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే, టుప్.

ఆమె కాగితం మీదకి వంగింది. లాంతరు వెలుగులో మొహం పాలిపోయింది. "ఇది గాలికి వచ్చే వణుకు కాదే. చూడు. నిటారుగా లేస్తోంది, ఈడ్చుకుంటూ దిగుతోంది. అడ్రినలిన్ ఇలాగే వస్తుంది."

"కణాలే లేవుగా. మరి ఎవరిది?"

ఆమె వింటోంది. నేనూ విన్నాను. ఒక టుప్. ఒక ఖాళీ. ఒక టుప్. ఒక ఖాళీ. ఎవరో నడుస్తున్నారు... ఒక అడుగు వినపడుతోంది, రెండోది వినపడట్లేదు.

ఒక కాలే మోగుతోంది.

మల్లేశ్వరక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

గదిలో వాసన మారింది. ఇంతసేపూ ఉన్న స్పిరిటు వాసన పోయి, పోటు తగ్గాక బయటపడ్డ బురద వాసన. కుళ్ళిన నాచు. తడిసిన తాటాకు. శిఖరాలు పెద్దవవుతున్నాయి. దగ్గరగా వస్తున్నాయి. ఇప్పుడది నడక కాదు. పరుగు.

నాకు భయమేసినప్పుడు చేతులు ఊరుకోవు. ముందు స్పీకరు తీగ పట్టి పీకేశాను. చప్పుడు ఆగింది. పెన్ను ఆగలేదు. సర్... సర్... సర్... వెండి ముక్క కూడా తీసేద్దామని గిన్నెలోకి చెయ్యి పెట్టబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"తియ్యకు."

"అక్కా, వద్దు... తీసేద్దాం."

"అది బెదిరిపోయి పరిగెడుతోందే. ఇన్నేళ్ళూ పరిగెడుతూనే ఉంది. తీసేస్తే మళ్ళీ దారి తప్పుద్ది." ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె నోట వాళ్ళ ఊరి యాస విన్నాను. గిన్నె మీదకి వంగి, నీళ్ళకి పెదవులు తగిలేంత దగ్గరగా గుసగుసలాడింది. "రా అమ్మా. ఇటు రా. మామ్మ ఇంట్లోనే ఉంది. మల్లేశ్వరి రమ్మందని చెప్పు... రా."

పెన్ను కాగితం అంచు దాకా ఎగిరి, ఇనప చట్రానికి కొట్టుకుంది. ఇంకోసారి. ఇంకోసారి. తర్వాత నెమ్మదించింది. శిఖరాలు చిన్నవయ్యాయి, దూరమయ్యాయి. ఎవరో ఈ గది దాటి, నాగాయలంక వైపు వెళ్ళిపోయినట్టు.

గీత తిన్నగా అయింది.

మల్లేశ్వరక్క కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. "వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళిపోయింది. చూడవే, గీత కూడా వచ్చేసింది, రేపు ఆయనకి ఇదే..."

ఘల్లు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఘల్లు... ఘల్లు... ఘల్లు.

ఈసారి ఖాళీల్లేవు. రెండు కాళ్ళూ మోగుతున్నాయి. తొందర లేదు. తీరిగ్గా, సంతలో నడిచినట్టు. చప్పుడు తలుపు దగ్గర పుట్టి, బల్ల పక్కనుంచి, నా వెనకనుంచి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు చిన్నగా వణికాయి.

"రెండో పట్టీ దొరికిందేమోనే దానికి" అంది అక్క. ఆశగా.

నేను స్పీకరు వైపు చూశాను. దాని తీగ నా చేతిలోనే ఉంది. తర్వాత పెన్ను వైపు చూశాను. అది తిన్నగా, వెంట్రుక వాసి కూడా కదలకుండా గీస్తూనే ఉంది.

"అక్కా..." అన్నాను. "ముందు వెళ్ళినదానికి భయం ఉంది. దీనికి లేదు."

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పిల్ల ఉత్తినే పరిగెత్తలేదు. దాని వెనక ఏదో ఉంది. మేం తెరిచిన దారిలో, మేం రమ్మన్న మాట పట్టుకుని, అదీ వచ్చింది.

ఆఫీసు గదికి పరిగెత్తాం. ఫోను పనిచేస్తోంది. చేపల బేరాల కోసం వాళ్ళ నాన్న బంగార్రాజు గారు ఇంట్లో ఫోను పెట్టించుకున్నారు. చాలాసేపు మోగింది. ఎత్తింది మామ్మే. రిసీవరుకి ఇటు నేనూ అటు అక్కా చెవులానించాం.

"మామ్మా! నాన్నేడీ?"

"పడవలు కట్టడానికెళ్ళాడు. వచ్చాక తుఫాను షెల్టరుకి పోతాం. పట్టీ కనపడట్లేదే మల్లీ..." మామ్మ గొంతు తగ్గించింది. "ఒసేయ్, చిన్నది వచ్చింది. నా పెద్దింట్లు. వణికిపోతా వచ్చి మంచం కింద దూరింది. ఒంటి పట్టీనే. నా కళ్ళు మసకే గానీ చెవులు బాగానే ఉన్నాయి."

అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మామ్మ ఊపిరి తీసుకుంది.

"దాని వెనకే ఇంకోటి వచ్చిందే. గుమ్మంలో నిలబడింది. రెండు కాళ్ళకీ పట్టీలు. లోపలికి రానా అంటోంది. మల్లేశ్వరి రమ్మందంట."

"రానీకు! మామ్మా, రానీకు!"

"నేనెందుకు రానిస్తానే. మా పిల్ల కాదని అదిలించాను. పోవట్లా. పిలిచినోళ్ళు పొమ్మంటేనే పోతదంట."

మల్లేశ్వరక్క రిసీవరు నా చెవి దగ్గర్నుంచి లాక్కుని, రెండు చేతులా పట్టుకుని అరిచింది. "పో! పిలిచింది నేనే! పో అక్కణ్ణించి!"

తీగలో గాలి హోరు. చాలాసేపటికి మామ్మ గొంతు రిసీవరు దాటి నాకూ వినపడింది.

"ఆ... వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతోంది. ఒసేయ్ మల్లీ, ఇది సముద్రం వైపు పోవట్లేదే... బందరు దారి పట్టి..."

ఫోను చచ్చిపోయింది.

ఆ సాయంత్రం మేం ల్యాబు వదల్లేదు. బయట చెట్లు విరుగుతుంటే ఎక్కడికి పోతాం? ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి తెల్లారింది, వాన వెలిసింది, నా చేతిలో ఆమె చెయ్యి లేదు. మల్లేశ్వరక్క అప్పటికే తల దువ్వుకుని, గిన్నెలో నీళ్ళు మార్చి, బల్ల తుడుస్తోంది.

"లే పిల్లా. ఆయన స్టేషన్లో దిగాడంట."

పెద్దాయన వచ్చాడు. ఉత్త నీళ్ళలో గీత తిన్నగా వచ్చింది. కణాలు వేశాక శిఖరాలు బారులు తీరాయి. "ఇంత నిశ్శబ్దమైన మొదటి గీత నా సర్వీసులో చూడలేదమ్మా" అని మెచ్చుకుని, ఫెలోషిప్పు ఖాయమని చెప్పి వెళ్ళాడు. అక్క దణ్ణం పెట్టింది. నేను గంతులేశాను. బంగార్రాజు గారు కూడా షెల్టరు నుంచి ఎవరి ఫోనో పట్టుకుని కబురు చెప్పారు, అందరూ క్షేమమేనని. మామ్మ మాత్రం మంచం దగ్గర్నుంచి కదలనంటే, మంచంతో సహా మోసుకెళ్ళారట.

అన్నీ సర్దుకున్నట్టే కదా. ఇంక నా అలవాటు ఊరుకోదు. అక్క కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. మునివేళ్ళ మీద వెళ్ళి, చెవి పక్కన గట్టిగా "భౌ!" అన్నాను.

ఆమె కదల్లేదు.

భుజం కూడా వణకలేదు. గుండె మీదకి చెయ్యి పోలేదు. నా మొహం మండలేదు. కాసేపటికి తాపీగా తిరిగి నవ్వింది.

"ఆటలు బాగా ఆడతావే" అంది. "నేను ఇంటికి పోయొస్తాను. మామ్మకి పట్టీ ఇచ్చెయ్యాలి."

గుడ్డ మూట చేత్తో పట్టుకుని బయల్దేరింది. నాగాయలంక బస్సులు మొదలయ్యాయట. వరండాలో ఆమె నడుస్తుంటే ఘల్లు ఘల్లుమని వినపడింది. మూటలో ఉన్నది ఒక్క పట్టీయే కదా అనుకుంటూ కిందకి చూశాను. ఉత్త పాదాలు. పిన్నీసు పెట్టిన చెప్పులు గుమ్మం పక్కనే ఉండిపోయాయి.

"అక్కా, చెప్పులు!" అని కేకేశాను. వెనక్కి చూడలేదు.

లోపలికి వచ్చాను. రికార్డరు ఇంకా నడుస్తోంది, ఎవరూ ఆపలేదు. గిన్నెలో కణాలు కడిగేసి కొత్త ఉప్పునీళ్ళు పోసి ఉన్నాయి. వెండి ముక్క అందులోనే ఉంది. గీత తిన్నగా వస్తోంది.

బస్సు హారను దూరంగా వినపడింది. అప్పుడు పెన్ను ఎగిరింది.

చివాల్న నిటారుగా లేచింది. తర్వాత సర్రుమని, ఈడ్చుకుంటూ దిగింది. టక్, సర్. టక్, సర్. ఈ నడక పట్టీలది కాదు. ఈ నడకని నేను రోజూ వెక్కిరించేదాన్ని. అడుగులు తడబడుతున్నాయి, వెనక్కి తిరుగుతున్నాయి, గోడలు తడుముకుంటున్నట్టు ఒకే చోట చుట్టూ తిరుగుతున్నాయి. శిఖరాలు పెద్దవవుతున్నాయి. పెన్ను చట్రానికి కొట్టుకుంటోంది.

"అక్కా?" అన్నాను గిన్నెలోకి వంగి.

పెన్ను ఠక్కున ఆగింది. విన్నట్టు. మరుక్షణం, ముందుకంటే వేగంగా, పిచ్చిగా ఎగరడం మొదలుపెట్టింది.

వెనక్కి వెనక్కి నడిచాను. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. బల్లకి ఆమడ దూరంలో, గోడకి ఆనుకుని. నా రెండు చేతులూ పైకెత్తే ఉన్నాయి.